సూసా

వాషింగ్ మెషీన్ వెనక
తడి సాక్సుల్లో దొరికింది.
బొటనవేలి కణుపంత,
ఎండిన కుంకుడుకాయ రంగు.
ముందు చూసింది నేను. అరిచింది మాత్రం మామ.

"సర్సూర్!" అంది, స్టూలెక్కి.
బొద్దింక కాదమ్మా ఇది,
బొద్దింకైతే ఈపాటికి ఫ్రిజ్ కిందుండును.
ఇది కదలదు. తొందరేమీ లేనట్టు
మీసాలు ఒకదాని తర్వాత ఒకటి దులుపుకుంటోంది.

చిన్నపిల్ల హెస్సా టీ గ్లాసు బోర్లించింది.
ఫహద్ ఫోన్ తీసి ఫొటో కొట్టాడు.
ఫోను ఒకసారి పేడపురుగంది,
ఇంకోసారి బ్రెజిల్‌లో ఉండేదేదో పేరు చెప్పింది.
ఫిలిప్పీన్ వంటమనిషి మరిసెల్
వాళ్ళ ఊళ్ళో దీని పిల్లల్ని వేయించుకు తింటారని
కళ్ళతో, పళ్ళతో చెప్పి
మామని ఇంకో మెట్టు ఎక్కించింది.

తుడిచే గుడ్డ పక్కనపెట్టి వంగి చూశాను.
ముక్కు.
ఏనుగు తొండం కత్తిరించి అతికించినట్టు
కిందికి వంగిన ముక్కు.
మెడ మీద నల్లచుక్కలు.
అప్పుడు మా నాన్న గొంతు వినపడింది:
"ఎర్రముక్కుదే. దీనమ్మ కడుపు కాలా, ఎర్రముక్కుదే."

మా నాన్న దింపు కార్మికుడు.
అంబాజీపేట చుట్టుపక్కల
ఆయన ఎక్కని కొబ్బరిచెట్టు లేదు,
ఆయనదనే చెట్టూ లేదు.
ఎక్కేముందు కత్తి పిడితో రెండు దెబ్బలు కొట్టి
మొద్దుకి చెవి ఆనించేవాడు,
నన్నూ ఆనించమనేవాడు.
లోపలెవరో చెరుకుముక్క నములుతున్నట్టు
కరకర.
"పైన మొవ్వు పచ్చగానే ఉంటాది, దీవెనా,
అదే దీని మోసం."
రైతు నమ్మేవాడు కాదు.
మొవ్వు విరిగి పశువుల పాక మీద పడ్డాక
ముందే చెప్పలేదని కూలి కోసేవాడు.

ఇదంతా అరబ్బీలో ఎలా చెప్పను?
నాకొచ్చిన అరబ్బీ
వంటింట్లో మొదలై స్నానాల గదిలో అయిపోతుంది.
ముక్కు పట్టుకుని ముందుకి లాగాను,
కిటికీలోంచి ఖర్జూరం చెట్టు చూపించాను.
అందరూ నవ్వారు. హెస్సా కూడా తన ముక్కు లాక్కుంది.

రాత్రి పెద్ద బాబా దివానియా నుంచి వచ్చాడు.
కళ్ళద్దాలు మార్చుకుని గ్లాసు ముందు కూర్చున్నాడు.
ఆయన నవ్వలేదు.
"సూసా," అన్నాడు.

చూశానంటున్నాడా? చూశావా అని నన్నడుగుతున్నాడా?
మా పేటలో అన్నట్టే అన్నాడు, అదే దీర్ఘం.
"సూసానండి," అన్నాను, "నేనే ముందు సూసా."
ఆయన తలెత్తాడు,
తెలిసిన మనిషిని తెలియని బస్టాపులో చూసినట్టు.

ఆ పురుగు పేరే అదంట. ఫహద్ తర్వాత చదివాడు.
అసలు పుట్టిల్లు మీ హింద్ వైపేనని,
పిలకమొక్కల్లో దాక్కుని సముద్రం దాటొచ్చిందని
వేలు నావైపు పెట్టాడు, సరదాకే.
దానికి అకామా ఎవరు కొట్టారో అడుగుదామనుకున్నాను.
ఆ మాటకి సరిపడా అరబ్బీ నా దగ్గరుంది.
అడగలేదు.

టార్చి పట్టుకుని ఇద్దరం పెరట్లోకి నడిచాం.
యుద్ధం అయిపోయిన ఏడాది నాటాడంట ఆ చెట్టు,
నూనెబావుల మసి ఇంకా గోడల మీద ఉండగా.
మట్టల మొదట్లో చిన్న బెజ్జం, కింద ఎర్రటి జిగురు,
పులిసిన కల్లు వాసన.
ఆయన చెవి ఆనించాడు. ఒకటి, తర్వాత రెండోది.
చెవిమిషను సర్దుకుని మళ్ళీ ఆనించాడు.
వినపడటంలేదన్నట్టు చెయ్యి తిప్పి
పక్కకి జరిగాడు, నాకు చోటిస్తూ.

గరుకు బెరడు, దుమ్ము, చెంప మీద నా చెమటే.
ముందు ఇరుగుపొరుగు ఏసీల హోరు.
అది దాటాక
ఎక్కడో లోపల, చాలా తీరిగ్గా,
చెరుకుముక్క.

ఆయన టార్చి నేలకి దించి నిలబడ్డాడు.
వీధిలైటు వెలుగులో
పైన మొవ్వు పచ్చగానే ఉంది.